ఇల్లు పనికొస్తుంది

పోయిన వారం మోహనను వేలూరు తొరపాడిలో, ఫోను చెవికి ఆనించుకుని ఉండగా వదిలేశాం. నోటుపుస్తకాన్ని గుడియాత్తంలో కన్నతల్లి మగ్గం ఇంట్లో మరిచిపోయి వచ్చి ఐదు రోజులైంది. ఐదో రోజున తల్లి సరస్వతమ్మ ఫోను చేసి, "నీ పుస్తకం ఈడనే ఉండాది సిస్టరూ. ఆదివారం వచ్చి తీసుకో" అని పెట్టేసింది. ముప్పై ఆరేళ్ళలో ఆ తల్లి నోట పాపా, మోహనా, ఒసే అన్న పిలుపులే తప్ప సిస్టరన్న మాట ఎన్నడూ రాలేదు.

ఆ పుస్తకంలో ఏముందో మనకు తెలుసు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. సరస్వతమ్మ ఇంట్లో ప్రతి ఆదివారం యేసు కూడిక జరుగుతుంది. ఆడవాళ్ళు తమ ప్రార్థన విన్నపాలు చెప్పుకుంటారు. మొగుడి తాగుడు, కడుపులో నొప్పి, కొడుకు మార్కులు. పేరుపేరునా ప్రార్థించడానికని మోహన రాసుకుంటుంది. ఈమధ్య తొరపాడి క్రైస్తవ సహవాసానికి పెద్ద అయిన దొరై అన్న ఆ పుస్తకంలో ఇంకో గడి గీయించాడు. ఆ గడిలో ప్రతి పేరుకూ ఒక మాట తగిలించాలి. వెలుగు, వాకిలి, చీకటి. పూర్తిగా వచ్చినవాళ్ళు వెలుగు. గడప మీద ఊగేవాళ్ళు వాకిలి. తక్కినవాళ్ళు చీకటి. ఇకమీదట యేసు పేరిట పంచే రొట్టె, ద్రాక్షరసం వెలుగైనవాళ్ళకే.

మోహన అదంతా తెలుగు అక్షరాల్లో రాసింది. ఆమె తెలివంతా అక్కడే ఉంది. ఆ మగ్గాల వీధిలో పుట్టినవాళ్ళందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. బడిలో నేర్చింది తమిళం. మోహన ఒక్కతే పెళ్ళయి వేలూరు వెళ్ళాక, సహవాసంలో అ ఆలు దిద్దుకుంది. అందుకే అందరి ముందూ కూర్చుని అందరి గుట్టూ రాసి, తాళం వేయకుండానే తాళం వేసినట్టు ధీమాగా ఉంది.

అందులో జ్యోతిక గుట్టు కూడా ఉంది. ఎదురింటి కోడలు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పుట్టిల్లు ఆలంగాయం. అక్కడ ఆమెకు ముందే శక్తివేల్ అనే అతనితో ఒక పెళ్ళయి, మూడు నెలలకే తెగిపోయింది. ఇక్కడ అత్తింట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక మోహన చేతులు పట్టుకుని ఏడ్చి చెప్పుకుంది. మోహన కూడా ఆమెతో పాటు ఏడ్చింది. ఏడ్చాక పుస్తకం తీసి రాసుకుంది. అత్త చెవిన పడితే ఆ పిల్లకు ఆ ఇంట్లో ఆ పూట అన్నం పుట్టదు.

ఎవరికి చదవడం వచ్చు గనకలే అని బస్సు పొడవునా మనసుకు సర్దిచెప్పుకుంటూ, ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు మోహన గుడియాత్తంలో దిగింది.

వారమంతా టకటకలాడే వీధి ఆదివారం నాడు చెవులు మూసుకున్నట్టు ఉంటుంది. నూలుకు పెట్టే గంజి వాసన మాత్రం సెలవు తీసుకోదు. తల్లి ఇంటి ముందు రేకు బోర్డుకు తెల్లరంగు పూసి ఉంది. ఈ రోజు దొరై అన్న వచ్చాక దాని మీద కొత్త పేరు పడాలి.

ఆ బోర్డుకో కథ ఉంది. ఈ కూడికను మొదలుపెట్టిన కుప్పుస్వామి తాత బతికుండగా దీనికి బోర్డే లేదు. ఆయన కైలీ లుంగీలు నేసే మనిషి. సాయంత్రం మగ్గం గుంతలోంచి కాళ్ళు పైకి తీసి, అక్కడే కూర్చుని యేసు సంగతులు చెప్పేవాడు. నీది ఏ మతం తాతా అని ఎవరైనా అడిగితే, "నేను ఆయన మనిషిని. నువ్వూ రావాలంటే రా. బొట్టు తుడుచుకునే పన్లేదు" అనేవాడు. ఆయన పోయాక తొరపాడివాళ్ళు వచ్చారు. ఊళ్ళోవాళ్ళు బెదరకుండా మొదట యేసు సత్సంగం అని రాయించారు. ఏడాదికి పైవాళ్ళకు ఆ మాట రుచించలేదని ఇంటి సహవాసం అన్నారు. ఇప్పుడు సభ అంటారట, నంబరు కూడా వేస్తారట. బోర్డు మారినప్పుడల్లా లోపల కూర్చున్నవాళ్ళూ మారాలి కదా. మొదట భక్తులు, తర్వాత విశ్వాసులు, ఇప్పుడు సభ్యులు. కూర్చునేది మాత్రం అదే చాప మీద, అదే పన్నెండు మంది.

అరుగు మీద జ్యోతిక అత్త చౌడేశ్వరి వక్క నములుతూ కూర్చుంది. ఆమె లోపలికి రాదు. కోడలు వస్తుంది కాబట్టి కోడలికి కాపలాగా బయట ఉంటుంది.

"ఏం సిస్టరూ, నాకు కొత్త పేరు తెస్తా ఉండారంటనే?"

"నువ్వూ లోపలికి వస్తే ఎస్తేరమ్మ అని పిలవాలనుకున్నారు పెద్దమ్మా. నీకు ఇష్టమైతేనే."

"ఎస్తేరా! ఆ పేరుతో పిలిస్తే ఇంకెవుర్నో అనుకోని పలకను. పిలిచేది ఆ దేవుడైనా సరే." చౌడేశ్వరి పెద్దగా నవ్వి, పక్కకు ఉమ్మింది. "రేషను కార్డులో మార్పించేది ఎవురు మరి, నువ్వా, మీ దొరై అన్ననా?"

మోహన నవ్వు తెచ్చిపెట్టుకుని లోపలికి నడిచింది.

లోపల జ్యోతిక చాపలు పరుస్తోంది. పక్క సందులో ఉండే వళ్ళి, అగ్గిపెట్టెలకు కాగితం అంటించే పనికి పోయే మనిషి, పూలు కడుతోంది. సరస్వతమ్మ రాట్నం ముందు ఊరికే కూర్చుని ఉంది. ఆమె వెనక గూట్లో నేతవాళ్ళ కులదేవత చౌడేశ్వరమ్మ పటం, దాని ముందు దీపం. ఆ పక్కనే కొత్త కైలీ గుడ్డలో చుట్టిన నోటుపుస్తకం, పైన మూర మల్లెలు.

మోహన గుండె ఒక్కసారి కుదుటపడింది. వాళ్ళకది ప్రార్థన పుస్తకం. తమ కష్టాలు తమ మాటల్లోనే దేవుడికి చేరే పుస్తకం. చదవలేని అక్షరాలే అయినా తమ భాషవి కదా అని, పోయిన నెల వళ్ళి దాన్ని కళ్ళకద్దుకుంది కూడా. మోహన గూటి వైపు చెయ్యి చాచింది.

"ఆగు" అంది సరస్వతమ్మ. లేచి పుస్తకం తనే తీసింది. మల్లెలు ఒలిచి వళ్ళి ఒళ్ళో వేసింది. "అందరూ వచ్చేలోగా మీ ముగ్గురికీ ఒకటి చూపించాల. నాకు తెలుగు చదివేదానికి వస్తాది."

వళ్ళి పూలు వదిలేసింది. "ఎన్నక్కా! నీకా? ఎవురు నేర్పించినారు?"

"ఎవురూ లేదు. పాటలే."

పాటల పుస్తకంలోని పాటలన్నీ సరస్వతమ్మకు కంఠతా వచ్చు. ఏ పాట ఏ పేజీలో ఉందో కూతురిని అడిగి అడిగి గుర్తుపెట్టుకుంది. రాట్నం మీద ఒక నూలు కండె నిండి ఇంకో కండె ఎక్కించే సందులో పేజీ మీద వేలు పెట్టి, నోట్లో ఉన్న శబ్దానికీ కంటి ముందున్న గుండ్రటి అక్షరానికీ జత కుదుర్చుకుంది. ఏడాదిన్నర పట్టింది. ఒక ఆదివారం అందరి ముందు చదివి కూతురిని అదరగొట్టాలని గుట్టుగా ఉంచింది.

"అమ్మా" అంది మోహన. "పుస్తకం ఇటివ్వు. అది... అది నా రాత, నీకు అర్థం కాదు."

"నీ రాత బాగనే ఉండాది. గుండ్రంగా." సరస్వతమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. వేలు అక్షరం వెంట అక్షరం జరిగింది. "స... ర... స్వ..." ఒత్తు దగ్గర వేలు కాసేపు నిలబడింది. "...తమ్మ."

వళ్ళి చప్పట్లు కొట్టింది. "అక్కా, నీ పేరే!"

"గమ్మునుండు, ఇంకా ఉండాది. చీ... క... టి."

"చీకటా? కరెంటు పోతా ఉండాదని ప్రార్థన పెట్టుకున్నావా?"

జ్యోతిక కిలకిలా నవ్వింది. సరస్వతమ్మ నవ్వలేదు. కూడబలుక్కోకుండా తక్కినదంతా ఒక్క ఊపున చదివింది. వారమంతా ఎన్నిసార్లు చదివిందో ఆ చదవడంలోనే తెలిసింది. "విగ్రహం ముందు దీపం వదలదు. ఇల్లు పనికొస్తుంది."

నవ్వు ఆగిపోయింది.

మోహన తల దించుకుంది. చాప అంచున ఒక పోగు ఊడి ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది. ఆ నాలుగు మాటలు రాసిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. తల్లి పెట్టిన చద్దన్నం, మజ్జిగ కడుపునిండా తిని, ఈ చాప మీదే బోర్లా పడుకుని రాసింది.  సరైన మాట దొరికిందని సంతోషపడింది కూడా.

"నాది చదువక్కా" అంది వళ్ళి.

"వద్దులే వళ్ళీ."

"చదువు. నా పేరు తమిళమైనా తెలుగులో ఎట్లా రాసినారో సూడాల."

సరస్వతమ్మ కూతురి వైపు చూసింది. కూతురు తల ఎత్తలేదు. "వళ్ళి. వాకిలి. బియ్యం కోసం వస్తుంది."

వళ్ళి చేతిలో సగం కట్టిన పూలు అట్లాగే ఉన్నాయి. నెమ్మదిగా అంది. "ఆమా, అవును. తిన్నాం. పోయిన క్రిస్మస్‌కు ఐదు కిలోలు. అది మా గడపకు మోసుకోని వచ్చింది నువ్వే కదా సిస్టరూ? నేను అడిగినానా? ఏసప్ప పంపినాడు అని చెప్పి నువ్వే కదా నా చేతిలో పెట్టినావు? ఏసప్ప పంపించి, మళ్ళా వెనకాలే లెక్క రాయమని నిన్ను పంపించినాడా?"

 వళ్ళి గట్టిగా అరిచి ఉంటే మోహనకు బాగుండేది. అరిస్తే ఎదురు చెప్పవచ్చు. వళ్ళి అరవలేదు. పూలు మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది, ముడి పడడం లేదు.

"మరి నాదో పెద్దమ్మా?" అంది జ్యోతిక. గొంతు చిన్నదైపోయింది.

సరస్వతమ్మ పేజీ తిప్పింది. ఆమె కళ్ళు ఒక వరస మీద నడిచి, ఇంకో వరస మీదికి దిగడం మోహన చూసింది. చిన్న అక్షరాలతో ఐదు వరసలు. తల్లి బొటనవేలు వాటి మీద అడ్డంగా పడుకుంది.

"నీ పేరు ఉండాది. కడుపు పండాలని ప్రార్థన ఉండాది. అంతే."

"వాకిలా, చీకటా?"

"వెలుగు" అంది సరస్వతమ్మ.

జ్యోతిక ముఖం వికసించింది. మోహన దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "థ్యాంక్స్ సిస్టర్. నా గురించి నువ్వు మంచిగానే రాసింటావని నాకు తెలుసు."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మోహన దాన్ని విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. చీకటి అని తను రాసిన మనిషి, చీకటి అని తను రాసిన ఇంకో మనిషిని కాపాడడానికి ఇప్పుడే అబద్ధమాడింది. వెలుగు అని తన పేరుకు తానే రాసుకున్న మనిషి అక్కడ నిలబడి థ్యాంక్స్ తీసుకుంటోంది.

"మోహనా, పెరట్లోకి రా" అంది తల్లి.

పెరట్లో నీళ్ళ పొయ్యి మండుతోంది. సరస్వతమ్మ పుస్తకం చంకలో పెట్టుకుని, పొయ్యి ముందు పీట మీద కూర్చుంది.

"పాటలు చూడకుండానే వస్తాయి. అది చదివినట్టు కాదు. ఏముండాదో ముందే తెలీకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కోని తెలుగులో నేను చదివిన మొదటి రాత నీదే మోహనా. అరవై రెండేండ్లకు."

"అమ్మా, అవి తిట్లు కావమ్మా. పని జరిగేదానికి పెట్టుకున్న మాటలు. ఆస్పత్రిలో చీటీ మీద రాస్తారే, అట్లాంటివి."

"ఆస్పత్రిలో రోగానికి పేరు పెడతారు. మనిషికి పెట్టరు."

మోహన పొయ్యి వైపు తిరిగింది.

"నీకు పిల్లోళ్ళు లేరని ఈ వీధి నీకొక మాట తగిలించింది. నేను మళ్ళా నా నోటితో అనను. నువ్వు పుట్టింటికి వచ్చి కుళాయి కాడ ముందర నిలబడితే బిందెలు పక్కకు లాక్కునేవాళ్ళు. ఎనిమిదేండ్లు మోసినావు ఆ మాటను. కుప్పుస్వామి మామ కాడ ఎవురూ ఆ మాట అనరని కదా నువ్వు ఆడికి పోయింది? నా బిడ్డ ఆడ తలెత్తి కూర్చుంటా ఉండాదని కదా నేనూ పోయి పక్కన కూర్చున్నా? ఆయన్ని మన ఇంటికి పిలిపించుకున్నా?" సరస్వతమ్మ గొంతు పెరగలేదు. "ఆ గూట్లో అమ్మను మా అత్త నాకు అప్పగించి పోయింది. యేసును నువ్వు తెచ్చినావు. ఇన్నేండ్లుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండారు, ఒక్కరోజన్నా కొట్టుకోలేదు. కొట్టుకునేదంతా మీరే."

"నన్ను కొట్టమ్మా" అంది మోహన.

"కొడితే నీకు తేలికైపోతాది. కొట్టను." కట్టె ఒకటి లోపలికి నెట్టింది. "నాకు రొట్టె పెట్టరంట కదా? పోనీ, ఆకలికి తినేది కాదు అది. వళ్ళి కాళ్ళు పట్టుకోనైనా మాట్లాడుకో. కానీ ఆ పిల్ల సంగతి ఏందికి రాసినావు? దాని మొదటి పెండ్లికీ మీ రొట్టెకూ ఏం సంబంధం?"

ఎందుకు రాసిందో మోహనకు తెలుసు. వివరంగా రాస్తే దొరై అన్న మెచ్చుకుంటాడు. గుడియాత్తం స్త్రీల బాధ్యురాలిగా ఆమె పేరు చదువుతారు. జీతం లేదు, కుర్చీ ఉంది. పేరుకు ముందు ఒక మంచి మాట ఉంటుంది. ఆ మంచి మాట కోసం రాసింది. 

"ఈ పుస్తకం ఇంకెవురన్నా చూసినారా?" అంది సరస్వతమ్మ.

ప్రతి ఆదివారం సాయంత్రం మోహన ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసి తొరపాడి ఆఫీసుకు పంపేది. అక్కడ సురేష్ అని ఒకాయన, చిత్తూరు వైపు మనిషి, తెలుగు చదివి తమిళంలో టైపు చేసేవాడు. పేర్లు మాత్రమే టైపు చేస్తాడని దొరై అన్న చెప్పాడు. నిజంగా పేర్లేనా అని మోహన ఎన్నడూ అడగలేదు.

"లేదమ్మా."

"నిజంగానా?"

"నిజం. ఎవురూ చూడలేదు."

తల్లి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఏదో బరువు దించుకున్నట్టు నిట్టూర్చి, చంకలోంచి పుస్తకం తీసి పొయ్యిలో పెట్టింది. అట్ట ముందు ముడుచుకుంది, తర్వాత నీలంగా మండింది. సరస్వతమ్మ ఒక పుల్లతో పేజీలు విడదీసి, అన్నీ అంటుకునేలా చూసింది.

"సరి. అయిపోయింది పో. ఆ పిల్ల బతికిపోయింది" అంది. అప్పుడు, ఆ ఫోను తర్వాత మొదటిసారి, "పాపా" అంది. "ముఖం కడుక్కో. కండ్లు ఉబ్బుండాయి."

మోహన తొట్టిలో చెయ్యి ముంచింది. తల్లి క్షమించేసింది. అబద్ధం చెప్పిన నోరు ఇంకా తడారక ముందే క్షమించేసింది. నీళ్ళు ముఖాన కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుంది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ ఉండగానే వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది.

దొరై అన్న అనుకున్న వేళకంటే ముందే వచ్చాడు. ఆయన వెంట తెల్లచొక్కాల పెద్దమనుషులు ఇద్దరు, వాళ్ళ వెనక చంకలో కాగితాల చుట్ట, చేతిలో జిగురు డబ్బాతో సురేష్. పెద్దమనుషులకు కుర్చీలు వేశారు. దొరై అన్న మోహనను ముందుకు పిలిచి తమిళంలో మొదలుపెట్టాడు. గుడియాత్తంలో ఇంత క్రమంగా, ఇంత వివరంగా పని చేసిన చెల్లెలు ఇంకొకరు లేరు, ఈ రోజు నుంచి స్త్రీల బాధ్యురాలు ఈమే అన్నాడు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. జ్యోతిక అందరికంటే గట్టిగా కొట్టింది. వళ్ళి కొట్టలేదు. సరస్వతమ్మ గూటి దగ్గర నిలబడి, కూతురి ముఖం కడిగినందుకు కాస్త వెలిగిందా అని చూస్తోంది.

తెరిచి ఉన్న తలుపు మీద, బయటివైపు, సురేష్ కాగితం అంటిస్తున్నాడు. కొత్త సభ సభ్యుల జాబితా, పెద్ద కాగితం. తమిళ అక్షరాలు. మోహనకు నిలబడిన చోటునుంచే గళ్ళు కనిపించాయి. ఒక్క గడి కాదు. పేరు, పక్కన మాట, ఆ పక్కన వెడల్పాటి ఇంకో గడి, అందులో నిండా వరసలు.

నాలుగు అడుగులు. వెళ్ళి చింపేస్తే అయిపోతుంది. చింపితే ఎందుకని అడుగుతారు. పొయ్యిలో కాలిన పుస్తకం సంగతి పెద్దమనుషులకు చెప్పాలి, ఎవరూ చూడలేదని ఆడిన అబద్ధం సంగతి తల్లికి చెప్పాలి. పెద్దమనుషుల్లో ఒకాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. మోహన కళ్ళు మూసుకుంది. 

బయట చౌడేశ్వరి అరుగు మీద నుంచి లేచిన అలికిడి. తమిళంలో ఏది కనిపించినా పైకి చదవందే ఆమెకు తోచదు, పొట్లం కాగితమైనా సరే. మొదటి పేరు చదివింది. రెండో పేరు చదివి, "అదేం మాట!" అని నవ్వింది. మూడో పేరు చదివింది. నాలుగో పేరు దగ్గర గొంతు ఆగిపోయింది.

లోపల ప్రార్థన సాగుతూనే ఉంది. దాని మధ్యలో, వాకిట్లోంచి, ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ విననంత మెత్తగా పిలుపు వచ్చింది.

"జ్యోతీ... అమ్మా, ఇట్లా రా. ఆలంగాయంలో శక్తివేల్ అంటే ఎవురు?"